అత్తయ్య చూసిన నీడ

"అమ్మాయ్, ఈ ఫోన్‌లో అక్షరాల వెనకాల ఏదో నీడలా పడుతోందే."

సంక్రాంతి వెళ్లిన వారం పది రోజులకి అత్తయ్య మొదటిసారి ఈ మాటన్నారు. నేను అప్పుడు పప్పుకి తాలింపు పెడుతున్నాను. "వెనక లైటుంది కదా అత్తయ్యా, మీ చెయ్యి నీడే అయ్యుంటుంది" అనేసి మళ్లీ పొయ్యి వైపు తిరిగిపోయాను. ఆవిడ చెయ్యి అటూ ఇటూ జరిపి చూసుకున్నారు కాబోలు, "చెయ్యిది కాదే" అన్నారు నెమ్మదిగా. నేను వినిపించుకోలేదు. నిజం చెప్పాలంటే వినిపించింది, పట్టించుకోలేదు.

ఆ ఒక్క మాట పట్టించుకోకపోవడం వల్ల మా ఇంట్లో మూడు నెలలు ఏం జరిగిందో ఇవాళ మీతో చెప్పుకోవాలనిపించింది. మీ ఇళ్లలోనూ ఎవరో ఒకరి పాత ఫోన్ వాడుకుంటున్న పెద్దవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మాటే అనుంటారు.

అత్తయ్యకి 74 ఏళ్లు. ఆవిడ వాడే ఫోన్ మావారిది. ఆయన మూడేళ్లు వాడి, కొత్తది కొనుక్కున్నాక అమ్మకిచ్చారు. అప్పటికీ ఇప్పటికీ ఇంకో రెండేళ్లు. పొద్దున్నే స్నానం చేసి దేవుడి గదిలో కూర్చుని ఫోన్‌లో పెద్ద అక్షరాలు పెట్టుకుని విష్ణు సహస్రనామం చదువుకుంటారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక యూట్యూబ్‌లో ఒకే ఒక భక్తి చానల్. సాయంత్రం పూణేలో ఉన్న మా ఆడపడుచుతో వీడియో కాల్. ఇంతే ఆ ఫోన్ ప్రపంచం.

రెండోసారి నీడ మాట కొడుకుతో అన్నారు. "అమ్మా, నీ కళ్లజోడు మార్పించి చాలా రోజులైంది కదా" అన్నారు మావారు. మూడోసారి మనవడితో అన్నారు. వాడు ఫోన్ తీసుకుని ఏదో పాట పెట్టి అటూ ఇటూ చూసి, "ఫోన్ బాగానే ఉంది నానమ్మా, నీకే అలా అనిపిస్తోంది" అని ఇచ్చేశాడు. వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి నిజంగానే కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో తర్వాత చెబుతాను.

మూడేళ్ల కిందట అత్తయ్యకి కుడి కన్ను శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంట్లో కొంచెం మొదలైందని అప్పుడే చెప్పారు. అందుకని నీడ అనగానే అందరి చూపూ ఆవిడ కళ్ల మీదికే పోయింది. ఫోన్ మీదికి ఎవరిదీ పోలేదు. ఒక శనివారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. చుక్కలు వేసి, గంటసేపు కళ్లు మూసుకుని కూర్చోబెట్టి, అన్నీ చూశారు. కుడి కన్ను శుభ్రంగా ఉంది, ఎడమ కంట్లో శుక్లం కాస్త ఉంది కానీ ఇప్పుడే తొందరేం లేదు, జోడు నంబరు కూడా మారలేదు అన్నారు. "మరి అక్షరాల వెనక నీడండీ?" అనడిగాను. శుక్లం వల్ల మసకగా అనిపించొచ్చు, ఆరు నెలలాగి మళ్లీ రండి అన్నారు. ఆయన తప్పేమీ లేదు. మేము కళ్లు మాత్రమే తీసుకెళ్లాం, ఫోన్ చూపించలేదు.

తిరిగొస్తుంటే ఆటోలో అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "అంటే ఈ కన్ను కూడా కోయించుకోవాలా అమ్మాయ్?" అన్నారు. "ఇప్పుడే కాదన్నారుగా" అన్నాను. ఆ 'ఇప్పుడే' అన్న మాటే ఆవిడ మనసులో ఉండిపోయిందని తర్వాత తెలిసింది.

అప్పట్నించీ ఒక్కొక్కటే మానేయడం మొదలుపెట్టారు. ముందు ఫోన్‌లో సహస్రనామం చదవడం మానేశారు. నోటికొచ్చినంత వరకు చెప్పుకునేవారు. ఆడపడుచుకి కాల్ కలిపి ఇమ్మని ఫోన్ నా చేతికిచ్చేవారు. తర్వాత ఒకరోజు బియ్యం చేట నా వైపు జరిపి, "రాళ్లు నువ్వే చూడమ్మా, నా కళ్లని నమ్మలేం" అన్నారు. పండగల్లో కట్టుకునే చీర తీసి, "ఇది మెరూనా, బ్రౌనా?" అని అడిగారు. అది మెరూన్ చీరే. ఇరవై ఏళ్లుగా అది మెరూనేనని ఆవిడకి తెలుసు. కళ్లు చెబుతున్నదాన్ని నమ్మే ధైర్యం పోయింది, అంతే.

మేమంతా ఏమనుకున్నామంటే, పెద్దతనం. పాపం, పెద్దతనం.

ఉగాది వెళ్లాక ఒక రాత్రి పాల లెక్క చూసుకుందామని కూర్చున్నాను. నా ఫోన్ చార్జింగ్‌లో ఉంది. పక్కనే అత్తయ్య ఫోన్ కనిపిస్తే తీసి క్యాలిక్యులేటర్ తెరిచాను. లేత బూడిద రంగు ఖాళీ తెర వచ్చింది. ఆ బూడిద రంగు మీద, పై భాగంలో అడ్డంగా ఒక పట్టీ. దాని పైన మూలకి ఒక గుండ్రని ముద్ర. బాగా అడుగున, పక్కపక్కన మూడు గుర్తులు, త్రికోణం, వృత్తం, చతురస్రం. కొంచెం పసుపు కలిసిన మసకలా ఉన్నాయి. తడి గుడ్డ ఆరిపోయాక గచ్చు మీద మిగిలే మరకలా.

చీర చెంగుతో తుడిచాను. పోలేదు. లైటు కిందికి తీసుకెళ్లాను. పోలేదు. ఫోన్‌ని అడ్డంగా తిప్పాను. నీడ కూడా ఫోన్‌తోపాటే అడ్డంగా తిరిగింది. మూడు నెలలుగా నలుగురం మనుషులం, ఒక డాక్టరుగారు తేల్చలేనిది ఒక్కసారి ఫోన్ తిప్పితే తేలిపోయింది. కంట్లో ఉన్న మచ్చయితే ఫోన్‌తో పాటు ఎందుకు తిరుగుతుంది?

అత్తయ్య ఇంకా నిద్రపోలేదు. మంచం దగ్గరికెళ్లి జోడు చేతికిచ్చి, "అత్తయ్యా, మీరు చెప్పిన నీడ ఇదేనా?" అని చూపించాను. జోడు సర్దుకుని చూశారు. వేలితో ఆ పట్టీ వెంట రాశారు. తర్వాత తెర మీద కాకుండా నా మొహంలోకి చూసి, "నీకూ కనిపిస్తోందా?" అన్నారు.

"కనిపిస్తోంది" అన్నాను.

"నిజంగానే?" అని మళ్లీ అడిగారు.

ఆ రెండో ప్రశ్నకి నాకు సమాధానం చెప్పే నోరు లేకపోయింది.

మర్నాటి నుంచి ఈ నీడ సంగతేమిటో చూద్దామని కూర్చున్నాను. మా అబ్బాయిని అడిగాను, నెట్‌లో చదివాను, మొబైల్ రిపేరు చేసే కుర్రాణ్ణి అడిగాను. నేను చదివింది బీఏ తెలుగు. నాకు అర్థమవ్వాలంటే ప్రతిదీ వంటింటి భాషలోకి మార్చుకోవాల్సిందే. అలా మార్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

గోడకి పదేళ్లు వేలాడిన పటం తీసేస్తే ఏమవుతుంది? పటం ఉన్నచోట రంగు కొత్తగా, చుట్టూ వెలిసిపోయి ఉంటుంది. పటం ఆకారం గోడ మీద ఉండిపోతుంది. అమోలెడ్ తెరల్లో జరిగేదీ ఇలాంటిదే. ఆ తెరలో వెనకాల వేరే దీపం ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల సన్నని చుక్కలు లక్షల్లో ఉంటాయి, ఏ చుక్కకా చుక్క తనే వెలుగుతుంది. 1987లో కొడాక్ కంపెనీలో పనిచేసే చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు ఇలా తనే వెలిగే పల్చటి పొరల గురించి ప్రకటించారు. ఇవాళ్టి అమోలెడ్ తెరలన్నిటికీ మూలం అదే. ఆ వెలిగే పదార్థం ఆర్గానిక్, అంటే కార్బన్‌తో కూడిన రసాయనం. వెలిగే కొద్దీ అది అలిసిపోతుంది. ఎక్కువ వెలుగుతో ఎక్కువసేపు వెలిగిన చుక్క ముందుగా నీరసిస్తుంది. అందులోనూ నీలం చుక్కకి ఆయుష్షు తక్కువ. అందుకే చాలా తెరల్లో నీలం చుక్కల్ని కాస్త పెద్దవిగా పెడతారు. నీలం తగ్గినచోట తెలుపు కాస్తా పసుపుపచ్చగా కనిపిస్తుంది. నేను చూసిన ఆ మసక పసుపు అదే.

తెర మొత్తం సమానంగా అలిసిపోతే మనకి తెలియను కూడా తెలియదు. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అలిసినప్పుడే ఆ తేడా నీడలా కనిపిస్తుంది. దీన్ని బర్న్-ఇన్ అంటారు. అత్తయ్య చూసే భక్తి చానల్‌కి అడుగున ఎప్పుడూ ప్రకాశంగా వెలిగే పట్టీ, మూలకి గుండ్రని లోగో. రోజుకి మూడు గంటలు, రెండేళ్లు. ఆవిడ ఫోన్ నిలువుగానే పట్టుకుని చూస్తారు కాబట్టి ఆ పట్టీ తెర పైభాగంలో ఒకేచోట పడింది. అడుగున మూడు గుర్తులు వెనక్కీ, ఇంటికీ వెళ్లే బటన్లు. అంటే ఆవిడ దినచర్య ఆ అద్దం మీద అచ్చయిపోయింది. పొద్దున సహస్రనామం తెరిచినప్పుడు తెల్లటి పేజీ మీద, అక్షరాల వెనకాల, మధ్యాహ్నం చానల్ తాలూకు పట్టీ కనిపించేది. ఆవిడ చెప్పింది అక్షరాలా అదే. "అక్షరాల వెనకాల నీడ."

మా అబ్బాయికి ఎందుకు కనిపించలేదంటే, వాడు పాట పెట్టి చూశాడు. కదిలే రంగురంగుల బొమ్మల్లో ఈ తేడా కలిసిపోతుంది. పూల చీర మీద పడ్డ మరక కనిపించనట్టు. ఒకే రంగు, ముఖ్యంగా బూడిద రంగు, తెరంతా పరుచుకున్నప్పుడే బయటపడుతుంది.

ఇంకో సంగతి కూడా ఆ వారంలోనే గుర్తొచ్చింది. ఫోన్ ఇచ్చిన కొత్తలో అత్తయ్య, "చదువుతుంటే మధ్యలో ఆరిపోతోందే" అన్నారు. అప్పుడు స్క్రీన్ టైమౌట్‌ని 30 నిమిషాలకి పెట్టింది నేనే. "సరిగా కనబడటం లేదు" అంటే బ్రైట్‌నెస్ చివరిదాకా జరిపిందీ నేనే. చానల్ చూస్తూ ఆపేసి, నిద్రలోకి జారుకుంటే ఆగిన బొమ్మతో ఆ తెర పూర్తి వెలుగుతో అరగంటసేపు వెలుగుతూ ఉండేది. అంటే ఆ నీడని నేను తయారుచేసి, ఆవిడ చూసి చెబితే కళ్లది తప్పన్నాను.

మీ ఇంట్లో ఎవరైనా తెర మీద ఏదో కనిపిస్తోందంటే, ముందుగా చేయవలసిన పనులు ఇవీ. అయిదు నిమిషాలు చాలు.

ఫోన్ తిప్పి చూడండి. మచ్చ ఫోన్‌తోపాటు తిరిగితే అది ఫోన్‌ది. తిరక్కుండా చూపు ఎటుంటే అటు వస్తుంటే, తెల్ల గోడ వైపు చూసినా కనిపిస్తుంటే అది కంటిది. ఒక్కో కన్నూ మూసి కూడా చూడమనండి. ఒక కంటితోనే కనిపించి రెండోదానికి కనిపించకపోతే ఫోన్‌ని వదిలేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తలుపు ఫ్రేము, క్యాలెండర్ గళ్లు లాంటి తిన్నటి గీతలు వంకరగా కనిపించినా అంతే. ఉన్నట్టుండి మెరుపులు మెరిసినట్టున్నా, నల్ల చుక్కల వాన పడ్డట్టున్నా, ఒక పక్క నుంచి తెర దించినట్టున్నా ఆ రోజే వెళ్లాలి. రేపు అనకూడదు.

ఫోన్‌దే అని తేలితే స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని ఇంకో ఫోన్‌కి పంపి అందులో చూడండి. అక్కడ కూడా మచ్చ కనిపిస్తే అది లోపలి ప్రోగ్రాం గొడవ, యాప్ మార్చినా, ఫోన్ ఆపి మళ్లీ పెట్టినా పోవచ్చు. అక్కడ కనిపించకపోతే తెరదే లోపం. ఎందుకంటే స్క్రీన్‌షాట్ అనేది తెరకి పంపాల్సిన బొమ్మ, తెర మీద నిజంగా కనిపించే బొమ్మ కాదు. ఈ మధ్య చాలామంది ఫోన్లలో వస్తున్న నిలువు ఆకుపచ్చ గీత కూడా ఇలా చూస్తే స్క్రీన్‌షాట్‌లో ఉండదు. అది తెరలోనో, దాని తీగలోనో వచ్చిన లోపం, సెట్టింగులతో పోదు.

మీ ఫోన్ తెర ఏ రకమో తెలియకపోతే, రాత్రి లైట్లన్నీ ఆర్పి పూర్తిగా నల్లటి బొమ్మ ఒకటి పెట్టండి. తెర బొగ్గులా నల్లగా ఉండిపోతే అది తనే వెలిగే రకం, నీడలు అచ్చయ్యే రకం. నల్లటి బొమ్మ పెట్టినా పల్చగా వెలుగుతుంటే అది ఎల్‌సీడీ, వెనక దీపం ఉన్నది. ఎల్‌సీడీలో కూడా అప్పుడప్పుడు పాత బొమ్మ నీడ నిలుస్తుంది కానీ, మామూలుగా ఫోన్ కాసేపు ఆపి ఉంచితే పోతుంది.

అత్తయ్య ఫోన్‌లో పడిన నీడ మాత్రం పోయేది కాదు. రిపేరు కుర్రాడు మొహమాటం లేకుండా చెప్పాడు. "తెర మార్చాలాంటీ, లేకపోతే అంతే." ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు టపటపా మారే వీడియోలు నెట్‌లో బోలెడున్నాయి, రాత్రంతా నడిపితే నీడ పోతుందంటారు. నేనూ ఒక రాత్రి పెట్టాను. పొద్దునకి ఫోన్ వేడెక్కింది తప్ప నీడ అక్కడే ఉంది. ఆలోచిస్తే అర్థమైంది. అలిసిపోయిన చుక్కకి ఆ వీడియో బలం ఇవ్వలేదు. మహా అయితే మిగతా చుక్కల్ని కూడా అలిసిపోయేలా చేస్తుంది. వెలిసిన గోడని తిరిగి ఎలా తేగలం? పటం ఉన్నచోటిని కూడా ఎండబెట్టడమే.

మావారు తెర మార్పించేద్దాం అన్నారు. అత్తయ్య వద్దన్నారు. "నీడ ఎవరిదో తెలిసిందిగా, ఇంకేం బాధ" అన్నారు. అందుకని ఉన్న నీడ పెరక్కుండా చూడటం మీద పడ్డాను.

టైమౌట్ 30 నిమిషాల నుంచి 2 నిమిషాలకి తెచ్చాను. బ్రైట్‌నెస్ దానంతటదే వెలుతుర్ని బట్టి మారేలా పెట్టాను. ఇక్కడొక చిక్కు వచ్చింది. వెలుగు తగ్గిస్తే అత్తయ్యకి ఆనడం లేదు. నిజానికి ఆవిడకి కావలసింది వెలుగు కాదు, అక్షరం సైజు. అక్షరాల్ని ఇంకో రెండు మెట్లు పెంచి, కుర్చీ కిటికీకి ఎదురుగా కాకుండా పక్కకి తిప్పితే సగం వెలుగుతోనే చదవగలిగారు. ఎదురుగా కిటికీ ఉంటే ఆ వెలుగంతా మన మొహం మీద, కిటికీ వెనకుంటే ఆ వెలుగంతా అద్దం మీద పడి తెర వెలవెలబోతుంది. అప్పుడు మనం బ్రైట్‌నెస్ పెంచుతాం. పెంచేకొద్దీ చుక్కలు అలిసిపోతాయి.

అడుగున బటన్లు లేకుండా వేలితో జరిపే పద్ధతి పెట్టి చూశాను. తెర అరగకుండా ఉండటానికి అది మంచిదే. ఆవిడకి మాత్రం కుదరలేదు. ఇంటికి రావాలనుకుని జరిపితే ఇంకెక్కడికో పోయేవారు. రెండు రోజులు చూసి బటన్లు తిరిగి పెట్టేశాను. తెర కోసం మనిషి కాదు కదా. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వచ్చే డార్క్ థీమ్ కూడా అంతే. మెనూలకీ, కాల్స్‌కీ పెట్టాను, నల్లగా ఉన్నచోట చుక్కలు ఆరిపోయి విశ్రాంతిగా ఉంటాయి. చదివేటప్పుడు మాత్రం తెల్ల అక్షరాలు చెదిరినట్టుంటున్నాయంటే ఆ ఒక్క యాప్‌కి తీసేశాను. చానల్ చూడనివ్వను అనలేదు. అప్పుడప్పుడు ఫోన్ అడ్డంగా తిప్పి చూడమన్నాను, పట్టీ రోజూ ఒకేచోట పడకుండా. పాటలు వినడానికైతే తెర ఆర్పేసి రేడియోలో వింటున్నారు.

ఇదే అదనుగా నా సంగతి ఒకటి. రాత్రి లైట్లార్పేశాక తక్కువ వెలుగులో ఫోన్ చూస్తే నాకు తలనొప్పి వచ్చేది. ఇలాంటి తెరలు చాలావాటిలో వెలుగు తగ్గించడమంటే నిజంగా తగ్గించడం కాదట. సెకనుకి కొన్ని వందలసార్లు వెలిగించి ఆర్పుతూ, ఆరి ఉండే సమయం పెంచుతారట. అందరికీ తెలియదు, కొందరికి కళ్లు లాగుతాయి, తల నొస్తుంది. కొన్ని ఫోన్లలో ఈ మినుకు తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. నా ఫోన్‌లో లేదు. గదిలో చిన్న లైటు ఉంచుకుని తెర వెలుగు మరీ అడుక్కి దించకుండా చూసుకుంటున్నాను, నాకు పనిచేసింది. ఇన్నాళ్లూ నేనే దాన్ని 'నా ఊహ' అనుకున్నాను. మన మాట మనమే నమ్మకపోవడం కూడా ఉంటుంది.

ఇక అసలు పరీక్ష నెల క్రితం వచ్చింది.

ఫోన్ అద్దం మీది గార్డు పగిలితే మావారు కొత్తది వేయించుకొచ్చారు. మర్నాడు పొద్దున నేను దోసెలు వేస్తున్నాను. అత్తయ్య వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. "అమ్మాయ్, అద్దం కింద రంగుల చక్రాలు కనిపిస్తున్నాయే" అన్నారు. అనేసి వెంటనే, "నాకే అలా ఉందేమోలే" అని తనే సర్దుకున్నారు.

స్టవ్ కట్టేశాను. పెనం మీద దోసె సగం కాలి ఉంది, ఉండనిచ్చాను. చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసుకున్నాను. తిప్పాను. వెలుతురుకి పట్టి ఏటవాలుగా చూశాను. ఉన్నాయి. వానాకాలం రోడ్డు మీద నీళ్లలో పెట్రోలు చుక్క పడితే రంగులు విచ్చుకుంటాయే, అలాంటి చక్రాలు మధ్యలో రెండున్నాయి. "ఉన్నాయి అత్తయ్యా. నాకూ కనిపిస్తున్నాయి" అన్నాను. ఈసారి ఆవిడ అడగకముందే.

ఆ గార్డుకి అంచుల్లో మాత్రమే జిగురుంది. మధ్యలో రెండు అద్దాలూ తాకీ తాకనట్టు, వెంట్రుక కంటే సన్నని ఖాళీతో ఉన్నాయి. పై అద్దం మీద నుంచి తిరిగొచ్చే వెలుగూ, కింది అద్దం మీద నుంచి తిరిగొచ్చే వెలుగూ కలుసుకుని కొన్ని రంగులు బలపడి, కొన్ని చెరిగిపోతాయి. అందుకే ఆ చక్రాలు. వీటికి న్యూటన్ వలయాలని పేరు. ఖాళీ లేకుండా చేస్తే పోతాయి. పటం కట్టిన పాత ఫోటో చెమ్మకి అద్దానికి అంటుకుపోయినచోట బొమ్మ ఎంత స్పష్టంగా కనిపిస్తుందో మీరు చూసే ఉంటారు. ఫోన్లు చేసేవాళ్లు కూడా లోపలి తెరకీ పై అద్దానికీ మధ్య గాలి లేకుండా పారదర్శకమైన జిగురు నింపేది అందుకే. మెరుపు, నీడ, వలయాలు అన్నీ తగ్గుతాయి. షాపుకెళ్లి అద్దమంతా జిగురున్న గార్డు అడిగి వేయించాం. చక్రాలు పోయాయి. మెరుపు రాదని గరుకు గార్డు కూడా చూపించాడు కానీ, దానిలోంచి తెల్ల పేజీ చూస్తే పంచదార చల్లినట్టు మినుకుమినుకుమంటోంది. చదువుకునేవాళ్లకి అది వద్దనుకున్నాం.

ఎడమ కన్ను శుక్లం సంగతి మళ్లీ డాక్టరుగారికి చూపించే రోజు దగ్గరపడుతోంది. ఈసారి ఫోన్ కూడా వెంట తీసుకెళతాం. పెద్దవాళ్లకి కళ్లూ బలహీనపడతాయి, ఫోన్లూ పాతబడతాయి. రెండూ నిజమే. కానీ వాళ్లు ఏదైనా కనిపిస్తోందంటే మనం ముందు కళ్లనే అనుమానిస్తాం, వస్తువుని కాదు. వస్తువు కొత్తది తెచ్చుకోవచ్చు. ఆవిడ బియ్యం చేట పక్కకి జరిపేసిన ఆ మూడు నెలలు నేను తిరిగి ఇవ్వలేను.

నిన్న పొద్దున కందిపప్పు చెరుగుతూ నన్ను పిలిచారు. "ఇదిగో, ఇందులో రాయి వదిలేశావు నువ్వు" అని అరచేతిలో పెట్టి చూపించారు. నా కళ్లకి అది పప్పులాగే కనిపించింది. దగ్గరికి తీసుకుని చూస్తే, రాయే.